‘మేం అలా పెరగలేదా?’: పాత స్నేహితుల సలహాల్లో జ్ఞాపకం పాలెంత

ఉద్యోగ విరమణ చేసిన నలుగురు పాత స్నేహితులు పొద్దున్నే నడక ముగించుకుని పార్కు బెంచీ మీద కూర్చున్నారంటే, మాట ఎక్కడ మొదలైనా కాసేపటికి ఒకరి ఇబ్బందికి ఇంకొకరు చెప్పే ఉపాయం మీదికీ, ఆ ఉపాయం వెంట వచ్చే పాతకాలపు ముచ్చట మీదికీ మళ్లుతుంది. మోకాళ్లు పట్టేస్తున్నాయని ఒకాయన అంటే, గోరువెచ్చని ఆముదం రాసి కాపడం పెట్టుకోమని పక్కనున్నాయన చెబుతారు. ‘‘ఆముదమంటే గుర్తొచ్చింది, మా నాయనమ్మ పెరట్లోనే వండేది కదరా’’ అని మూడో ఆయన అందుకుంటారు. గింజలు వేయించడం, రోట్లో దంచడం, నీళ్లలో ఉడికించి పైకి తేలిన నూనెను గరిటెతో తీయడం దాకా వర్ణన సాగేసరికి మోకాళ్ల సంగతి అందరూ మరిచిపోతారు. అరుగుల మీదా, రచ్చబండల దగ్గరా, టీ దుకాణాల ముందరా, బావి గట్ల దగ్గరా తరతరాలుగా మాటలు సాగుతున్న తీరు ఇదే.

కాలక్షేపంగా కనిపించే ఈ కబుర్లలో ఒకదానితో ఒకటి పెనవేసుకుపోయిన విషయాలు చాలా ఉన్నాయి. నిజంగా పనికొచ్చే అనుభవజ్ఞానం వాటిలో ఉంది, వయసు పెరిగేకొద్దీ జ్ఞాపకం తనంతట తాను చేసుకునే దిద్దుబాటు ఉంది, ఒకప్పటి కొరతను, ఒకరి చాకిరీని నిరాడంబరత అని పిలుచుకునే అలవాటూ ఉంది. స్నేహితుడు చెప్పిన సలహాను మనం నమ్మేది దాని వెనుక ఉన్న ఆధారాన్ని పరిశీలించి కాదు. దాని పక్కనే నిలబడి సాక్ష్యం చెప్పే జ్ఞాపకాన్ని చూసి. ‘‘మేం అలా పెరగలేదా? మాకేమైంది?’’ అన్న ప్రశ్నతో చాలా చర్చలు ముగిసిపోవడానికి కారణం అదే. అయితే జ్ఞాపకం తీయనిదైనంత మాత్రాన సలహా సరైనది కాదు, జ్ఞాపకంలో కొంత అతిశయం ఉన్నంత మాత్రాన సలహా తప్పూ కాదు. ఈ రెండింటినీ విడదీసి చూస్తే తప్ప, దేన్ని పాటించాలో దేన్ని వినోదంగా విని ఊరుకోవాలో తేలదు.

ముందుగా జ్ఞాపకం సంగతి చూద్దాం. గడిచిన కాలం కోసం బెంగపడడాన్ని ఐరోపాలో మొదట జబ్బుగానే లెక్కగట్టారు. 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి సొంత ఊరికి దూరమైనవారి దిగులు మీద సిద్ధాంత వ్యాసం రాసి, దానికి నోస్టాల్జియా అనే పేరు పెట్టాడు. ఇప్పుడు మనస్తత్వ శాస్త్రవేత్తలెవరూ దాన్ని జబ్బు అనడం లేదు. 1932లో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త, మనిషి పాత సంగతిని ఉన్నదున్నట్టుగా బయటికి తీయడని, చెప్పిన ప్రతిసారీ దాన్ని కొత్తగా కూర్చుకుంటాడని ప్రయోగాలతో చూపించాడు. ఆ తర్వాతి పరిశోధనల్లో తేలిన రెండు అంశాలు మన బెంచీ కబుర్లకు బాగా వర్తిస్తాయి. నడివయసు దాటినవారిని జీవితంలోని సంఘటనలు చెప్పమంటే, సుమారు పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల లోపు వయసులో జరిగినవే ఎక్కువగా చెబుతారు. అంతేకాక, చేదు సంఘటనలతో ముడిపడిన బాధ త్వరగా పలచబడుతుంది, సంతోషం మాత్రం అంత త్వరగా పలచబడదు. అంటే 1970లలో కళాశాల చదువు చదివినవారికి ఆ దశాబ్దమే బంగారు కాలం. 1990లలో చదివినవారికి కేబుల్ టీవీ, ఎస్టీడీ బూత్‌ల కాలమే బంగారు కాలం. ఆ రోజులే వేరని ఎవరన్నా, ఆ రోజులు ఏవన్నది చాలావరకు చెప్పేవారి పుట్టిన సంవత్సరాన్ని బట్టి ఉంటుంది.

దీన్నిబట్టి పాత జ్ఞాపకాలన్నీ అబద్ధాలని అనుకోనక్కర్లేదు. రేడియో బ్యాటరీలు నీరసిస్తే వాటిని మిద్దె మీద ఎండలో పెట్టి మళ్లీ పాటలు విన్నామని చెప్పేవారి మాట నిజమే. వేడికి లోపలి రసాయన చర్య వేగం పుంజుకుని అవి కాసేపు పనిచేసేవి. ట్రంకాల్ బుక్ చేసి పోస్టాఫీసు బెంచీ మీద గంటల తరబడి కూర్చోవడం కూడా నిజమే. జ్ఞాపకం అబద్ధమాడడం కన్నా ఎంపిక చేసుకోవడం ఎక్కువ చేస్తుంది, పాట వినిపించిన సాయంత్రాన్ని ఉంచుకుని వినిపించని సాయంత్రాల్ని వదిలేస్తుంది.

ఇప్పుడు ‘‘మేం అలా పెరగలేదా?’’ అన్న ప్రశ్నకు వద్దాం. ఈ ప్రశ్న అడగగలిగినవారందరూ బతికి బట్టకట్టినవారే కావడం ఇందులోని మొదటి చిక్కు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే చనిపోయారని జనన మరణాలను లెక్కగట్టే ప్రభుత్వ నమూనా నమోదు వ్యవస్థ లెక్కలు చెబుతాయి. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది. ఆ 129 మందిలో ఎవరూ పార్కు బెంచీ దగ్గరికి వచ్చి తమకేమైందో చెప్పలేరు. మన పెద్దవాళ్లలో చాలామందికి, ‘మీ తర్వాత ఇంకొకడు పుట్టాడు, నిలవలేదు’ అని తల్లి ముక్తసరిగా చెప్పిన తమ్ముడో చెల్లెలో ఉంటారు. ఆ మాట ఒకసారి గుర్తు చేస్తే చాలు, చర్చ స్వరమే మారిపోతుంది. దాన్ని ఎవరూ గుర్తు చేయకపోవడానికి కారణం ఆ పేరు ఇంట్లో ఎప్పుడూ ఎవరూ తలవకపోవడమే.

బావినీళ్ల కబురు తీసుకోండి. అమృతంలా ఉండేవని అనని వారుండరు. రుచి విషయంలో వారి మాట కాదనలేం, కానీ దిగుడు బావుల్లోకి దిగి కడవ ముంచుకున్న ఊళ్లలోనే నారికురుపు ఉండేది. కాలి మీద పొక్కు లేచి, అందులోంచి దారంలాంటి పురుగు బయటికి వస్తే, దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం చొప్పున లాగేవారు. ఆ పురుగున్న మనిషి బావిలో కాలు పెట్టడం వల్లే ఆ జబ్బు ఊరంతా పాకేది. 2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంలో ఈ జబ్బు లేదని ప్రకటించడానికి ముందు, దిగుడు బావుల మెట్లు మూయించడం, నీళ్లు వడకట్టి తాగమని ఇల్లిల్లూ తిరిగి చెప్పడం ఏళ్ల తరబడి సాగింది. ఫ్లోరైడ్ సంగతి మరీ విషాదం. నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోతున్నాయని మన దేశంలో తొలిసారిగా 1937లో గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. నల్గొండ పల్లెల్లో ఆ గోస తర్వాత దశాబ్దాల పాటు నడిచింది. నీళ్లు తియ్యగా ఉన్నాయా చప్పగా ఉన్నాయా అన్నది నాలుకకు తెలుస్తుంది, ఫ్లోరైడ్ ఎంతుందో తెలియదు.

ఒకే ఇంట్లో మంచి సలహా, ప్రమాదకరమైన సలహా పక్కపక్కనే ఉండేవన్నది దీనికి రెండో వైపు. పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే నీళ్లు తాగించకూడదని, తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయని నమ్మిన ఇళ్లు ఎన్నో ఉండేవి. ప్రాణం తీసే సలహా అది. అదే ఇంట్లో ఇంకో పెద్దావిడ, గంజిలో ఉప్పుకల్లు వేసి చెంచాతో పట్టించమనేది, ప్రాణం నిలిపే సలహా అది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా విరుచుకుపడినప్పుడు, సెలైన్ సీసాలు చాలక, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లను నోటి ద్వారా తాగించి మరణాలను బాగా తగ్గించారు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలగొట్టి వేసి కలపమని నేడు ఆరోగ్య కార్యకర్తలు చెప్పే లెక్క ఆ దారిలో వచ్చిందే. గంజిలోని పిండిపదార్థం కూడా ఉప్పునూ నీటినీ పేగు లోపలికి తీసుకోవడానికి సాయపడుతుంది కాబట్టి ఆ పెద్దావిడ మాటకు శాస్త్రం మద్దతు దొరికింది. ఆ రెండు సలహాలూ పెద్దల నోటి నుంచే, ఒకే నమ్మకంతో, ఒకే ఆప్యాయతతో వచ్చాయి. చెప్పినవారి వయసును బట్టి గానీ ప్రేమను బట్టి గానీ వాటిని వేరు చేయడం కుదిరేది కాదు.

కాలిన చోట పేస్టో సిరానో రాయడం, పాము కరిచిన చోట పైన తాడుతో బిగించి కట్టడం, కోసి రక్తం పీల్చడం, పురిటి బిడ్డకు తేనె నాకించడం వంటివి ఇప్పటికీ స్నేహితుల మధ్య చెలామణిలోనే ఉన్నాయి. వీటి గురించి ఎక్కువ చర్చ అనవసరం. కాలితే ఇరవై నిమిషాల పాటు ధారగా చల్లటి నీళ్లు పోయాలి, పాము కరిస్తే కరిచిన అవయవాన్ని కదలనివ్వకుండా విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చాలి, ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టకూడదు.

ఇంతకన్నా ఆసక్తికరమైనవి, తప్పని కొట్టిపారేయలేనివీ ఒప్పని తలకెత్తుకోలేనివీ అయిన సలహాలు. అవి పుట్టిన చోట సరైనవి, చోటు మారితే చెడిపోతాయి.

మట్టికుండ అందుకు మంచి ఉదాహరణ. ఫ్రిజ్ నీళ్లు గొంతుకు పడవని, కుండ నీళ్లే చల్లగా హాయిగా ఉంటాయని అనంతపురం నుంచి వచ్చిన స్నేహితుడు అంటాడు. మచిలీపట్నం స్నేహితుడు కుండ కొని చూశాడు, అంత చల్లదనం రాలేదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కుండ గోడల్లోని సన్నటి రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి, ఆ వేడిని అది చాలావరకు కుండలోని నీటి నుంచే లాక్కుంటుంది. గాలి పొడిగా ఉంటే ఊరిన నీరు త్వరగా ఆవిరవుతుంది, సముద్రపు గాలిలో తేమ నిండి ఉంటే ఆవిరయ్యే తావే తక్కువ. అందుకే రాయలసీమలోనూ తెలంగాణలోనూ వేసవిలో కుండకు, రంజన్‌కు ఉన్న పేరు కోస్తాలో అంతగా లేదు.

చోటుతో పాటు కుండ కూడా మారింది. ఏటా ఎండలు ముదరక ముందే కొత్త కుండ కొనే ఆచారం ఉత్త ఆచారం కాదు. ఉప్పునీళ్లకు, చవిటి నీళ్లకు రంధ్రాలు క్రమంగా పూడుకుపోయి పాత కుండ చల్లబరచడం మానేస్తుంది కాబట్టి, అది పప్పుల డబ్బాగానో తులసి కుండీగానో పనికొచ్చేది. కుండ కింద ఇసుక పోసి తడిపేవారు, చుట్టూ తడి గుడ్డ చుట్టేవారు, గాలి తగిలే వసారాలో పెట్టేవారు. ఇప్పుడు రోడ్డు పక్కన కుళాయి బిగించి అమ్మే కుండల్లో కొన్నింటికి అందం కోసం నిగనిగలాడే రంగు పూస్తున్నారు. రంగు పూసిన కుండ ఊరదు, ఊరని కుండ చల్లబరచదు, దాన్ని తలుపులు మూసిన ఫ్లాటులో వంటింటి మూలన పెడితే ఇక చెప్పేదేముంది. ‘‘కుండ కొనుక్కో’’ అన్న రెండు మాటల సలహాలో ఇసుక, తడిగుడ్డ, వసారా, పొడిగాలి అన్నీ మిగతా సగంగా ఉండేవి. చెప్పే స్నేహితుడికి అవి ఊపిరి పీల్చినంత సహజం కనుక చెప్పాలని తోచదు, వినేవాడికి తెలియవు కనుక అడగాలని తోచదు.

ఆవకాయ విషయంలో ఇదే చిక్కు ఇంకా సూక్ష్మంగా కనిపిస్తుంది. ఆవపిండి, కారం, ఉప్పు సమపాళ్లలో కలపమని పాత స్నేహితురాలు ఫోన్లో చెబుతుంది. ఆ సమపాళ్ల లెక్క సోలలతో, తవ్వలతో, మానికలతో కొలిచిన రోజుల నాటిది, అంటే బరువు లెక్క కాదు, కొలపాత్ర లెక్క. 1958 అక్టోబరు నుంచి దశలవారీగా కిలోలు, గ్రాములు వచ్చినా వంటింట్లో సోల, తవ్వ చాలాకాలం నిలిచాయి. అప్పటి ఉప్పు రాళ్ల ఉప్పు, దాన్ని ఎండబెట్టి ఇంట్లోనే బరకగా దంచేవారు. ఇప్పుడు ప్యాకెట్లో దొరికే సన్నటి ఉప్పు అదే గిన్నెలో ఖాళీ లేకుండా సర్దుకుంటుంది కనుక ఎక్కువ బరువు తూగుతుంది. కొలత మారలేదు, ఉప్పు మాత్రం పెరిగింది. కారం సంగతీ అంతే, ఘాటు తక్కువగా ఉండి రంగిచ్చే మిరపకాయలు ఏరి కొట్టించిన పొడికి, ఘాటైన తేజ రకం మిర్చి పొడికి ఒకే కొలత ఎలా సరిపోతుంది? కాయ కూడా జలాలో కొత్తపల్లి కొబ్బరో కాకుండా అంగట్లో దొరికిన పేరు తెలియని కాయ అయితే పులుపు మారుతుంది. తీరా మూడోనాడు తిరగగలిపి రుచి చూస్తే ఉప్పు కషాయంలా ఉంటుంది, ‘‘నీకు చేయి కుదరలేదే’’ అని స్నేహితురాలు నవ్వుతుంది. చేయి బాగానే కుదిరింది, కుదరనిది గిన్నె కొలత. చేయి తిరిగిన ఆడవాళ్లు అసలు లెక్కను నమ్ముకోరు. మూడోనాడు ఉప్పు చూసుకోవడమనే ఆనవాయితీ ఈ తేడాల్ని సరిదిద్దుకోవడానికే ఉంది. సలహాలో లెక్క ఒకరి నుంచి ఒకరికి చేరినంత తేలికగా ఈ దిద్దుబాటు చేరదు.

ఆవకాయ మరో ముడిని కూడా విప్పుతుంది. ఒకే ఇంట్లో పెరిగిన అన్నాచెల్లెళ్లను ఆవకాయ పెట్టిన రోజు గురించి విడివిడిగా అడిగి చూడండి. అన్నగారికి గుర్తున్నది, ఊరగాయ జాడీలోకి ఎత్తాక అడుగున కారం అంటుకున్న బేసిన్‌లో వేడి అన్నం, నూనె వేసి అమ్మ కలిపి పెట్టిన ముద్దలు. చెల్లెలికి ఆ ముద్దలూ గుర్తున్నాయి, వాటితో పాటు తెల్లవారుజామున లేచి మామిడికాయలు కడిగి ఒక్కొక్కటే తుడవడం, టెంకతో సహా కత్తిపీట మీద నరుకుతుంటే చేతికి జీడి అంటుకుని పొక్కడం, మిరపకాయలు దంచిన రాత్రి ఒళ్లంతా మండి నిద్రపట్టకపోవడం, తడి తగులుతుందన్న భయంతో అమ్మ కసురుకోవడం కూడా గుర్తున్నాయి. ఇద్దరూ చెప్పేది ఒక రోజు గురించే. ఒకరు తిన్నారు, ఒకరు తినడమే కాక పనీ చేశారు.

‘ఆ రోజుల్లో బతుకు తేలిక’ అన్న మాటను పరిశీలించేటప్పుడు, ఎవరికి తేలిక అన్న ప్రశ్న వేయకపోతే విశ్లేషణ అక్కడే ఆగిపోతుంది. పొయ్యి రాజేయడం, బూడిదతో అంట్లు తోమడం, లాంతరు చిమ్నీ మసి తుడవడం, తిరగలి విసరడం, రోలు నూరడం, కడవలతో నీళ్లు మోయడం వంటి పనుల మీద ఆ నిరాడంబరత నిలబడింది. ఆ పనుల్లో ఎక్కువ భాగం ఇంటి ఆడవాళ్లదీ, ఊళ్లో కూలినాలి చేసుకునేవాళ్లదీ. అరుగు మీద మగవాళ్ల సభ సాయంత్రం నుంచి రాత్రి భోజనం వేళ వరకు నిశ్చింతగా సాగిందంటే లోపల ఎవరో ఆ భోజనం వండుతున్నారు. అదే అరుగు ఎక్కే అర్హత ఊళ్లో అందరికీ లేదన్నది కూడా జ్ఞాపకాల్లో వినబడని సంగతి. రచ్చబండ దగ్గర ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి, ఎవరు దూరంగా ఉండాలి అన్నది కులాన్ని బట్టి తేలేది. ఆ దూరంగా నిలబడినవారి పిల్లలు నేడు ఆ కాలాన్ని తలుచుకునే తీరు వేరు, వారిలో చాలామందికి ఆ రోజులు మళ్లీ రావాలన్న కోరిక ఏ మాత్రం లేదు. అలాగని వారి జ్ఞాపకాల్లో సంతోషమే లేదనడం కూడా పొరపాటే. కోతల నాటి పాటలు, జాతరలు, కలిసి పంచుకున్న ముద్ద వారికీ ఉన్నాయి.

తిండి విషయంలో ఈ తిరకాసు ఇంకోలా కనబడుతుంది. ఐక్యరాజ్య సమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ‘మన పెద్దలు జొన్నలు, రాగులు తిని ఉక్కులా ఉండేవారు’ అన్న సలహా మరీ జోరందుకుంది. తెలంగాణలో జొన్న గటక, రాయలసీమలో రాగి సంగటి, వేసవిలో అంబలి ఆరోగ్యకరమైన తిండి అనడంలో సందేహం లేదు. అయితే ఆ పెద్దల్లో చాలామంది వాటిని ఎంచుకుని తినలేదు. మెట్ట ప్రాంతాల్లో బియ్యం ఖరీదైన వస్తువు, వరి అన్నం పండగనాడో చుట్టం వచ్చిననాడో వండుకునేది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు పేద ఇళ్లలో అది తిండి పాడవడంగా కాదు, రోజూ పండగ రావడంగా అనిపించింది. పళ్లెంలో జొన్నరొట్టె స్థానంలో అన్నం వచ్చి చేరడానికి ఆ ఆశ కూడా ఒక కారణం. ఇప్పుడు చక్కెర జబ్బు భయంతో జొన్నరొట్టె వైపు తిరిగి చూస్తున్న మధ్యతరగతి మనిషికి అది ఒక ఎంపిక, అతని తాతకు అదొక్కటే దారి. పైగా తాత ఆ రొట్టె తిని రోజంతా మడక వెంట నడిచాడు. సలహాలోంచి నడకను తీసేసి రొట్టెను మాత్రం ఉంచుకుంటే వచ్చే ఫలితం సగమే.

నా ఉద్దేశంలో ‘సులువైన రోజులు’ అన్న మాటకు అసలైన ఆధారం వస్తువుల్లో కన్నా ఎంపికల సంఖ్యలో ఉంది. ఊళ్లో ఉన్నది ఒక కిరాణా కొట్టు, వినడానికి ఉన్నది ఒక రేడియో కేంద్రం, చేర్పించడానికి ఉన్నది ఒక బడి. ఏది మంచిదో తేల్చుకునే శ్రమ లేదు, తప్పు ఎంచుకున్నామన్న చింతా లేదు. దానికి బదులుగా ఎదురుచూపు ఉండేది. టెలిఫోనుకు, గ్యాసు కనెక్షనుకు, స్కూటరుకు ఏళ్లకేళ్లు ఆగేవారు, దూరాన ఉన్న బిడ్డ క్షేమం తెలియడానికి ఇన్‌లాండ్ కవరు కోసం వారాలు ఆగేవారు. 2013 జూలైలో టెలిగ్రామ్ సేవ ఆగిపోయినప్పుడు దాని మీద ఎన్ని తీపి జ్ఞాపకాలు వెలువడ్డాయో గుర్తుందా? టెలిగ్రామ్ అందిందంటే చదవకముందే ఏడుపు లంకించుకున్న ఇళ్లు మనవే.

ఇంత లోపభూయిష్ఠమైన సలహాలనూ ఇంత ఏరివేతకు లోనైన జ్ఞాపకాలనూ ఎందుకు ఇచ్చిపుచ్చుకుంటున్నారు అంటే, సమాచారం కోసం మాత్రం కాదు. అమెరికా వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లో, వృద్ధులు గతాన్ని పదేపదే తలుచుకోవడం చాదస్తం కాదని, గడిచిన బతుకును తిరిగి లెక్క చూసుకుని సమాధానపడే సహజ ప్రక్రియ అని వాదించాడు. అంతకుముందు అది మతిమరుపుకు తొలి లక్షణమని అనుకునేవారు వైద్యుల్లోనే ఉండేవారు. ఆ లెక్క చూసుకోవడానికి సాక్షి కావాలి. పిల్లలు డల్లాస్‌లోనో బెంగళూరులోనో ఉన్న దంపతులకు, తమ పెళ్లి నాటి పందిరినీ తమ తొలి జీతాన్నీ చూసిన మనిషి పాత స్నేహితుడే. ‘‘ఆముదం రాసుకోరా’’ అన్న మాటలో ఆముదం పాలు కొంతే, నీ మోకాలి సంగతి నాకు పట్టింపే అన్న కబురు ఎక్కువ. అందుకే అలాంటి సలహాను తూచి, తప్పుపట్టి, ఆధారాలు చూపమని అడిగే మనిషి బెంచీ మీద ఎక్కువ కాలం నిలవడు. నూనె రాసుకోవడానికీ మోకాలి వైద్యుడికి చూపించుకోవడానికీ పేచీ లేదు కాబట్టి, రాసుకుని, చూపించుకోవచ్చు. మాత్రలు ఆపేసి రాసుకోమంటేనే ఆ సలహాను కాదనాలి.

అయితే జ్ఞాపకం సాక్ష్యం చెప్పలేని కొత్త విషయాలు వచ్చినప్పుడు పాత స్నేహితుల గుంపు బలహీనపడుతుంది. సమాజ శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో చేసిన ప్రతిపాదన ఇక్కడ ఉపయోగపడుతుంది. దగ్గరి స్నేహితులకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది, కొత్త సమాచారం తరచు ముఖపరిచయం మాత్రమే ఉన్నవారి నుంచి వస్తుందని ఆయన అన్నాడు. ఉద్యోగాల గురించి ఆయన చెప్పిన ఆ మాట పింఛనుదారుల బెంచీకీ సరిపోతుంది. 2014లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ ధ్రువపత్రం విధానం వచ్చాక, బతికే ఉన్నామన్న ధ్రువపత్రం కోసం ఏటా నవంబరులో వరుసలో నిలబడనక్కర్లేదన్న సంగతి చాలాచోట్ల చిన్ననాటి స్నేహితుడు చెబితే తెలియలేదు. పై అంతస్తులో అద్దెకున్న కుర్రవాడో, బ్యాంకులో పక్కన కూర్చున్న అపరిచితురాలో చెబితే తెలిసింది.

ఆన్‌లైన్ మోసాల విషయంలో ఈ బలహీనతకు ఇంకో కారణం తోడవుతోంది. పోలీసు వేషంలో వీడియో కాల్ చేసి, ‘మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, ఎవరికీ చెప్పవద్దు’ అని బెదిరించి డబ్బు లాగేవారు ముసలివారినే ఎక్కువగా వెతుక్కుంటున్నారు. అలాంటి అరెస్టు మన చట్టంలో లేనే లేదు. డబ్బు పోయిన వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేస్తే దాన్ని దారిలో ఆపే అవకాశం కొంత ఉంటుంది. ఈ రెండు ముక్కలూ ప్రతి బెంచీ మీదా వినిపించాల్సినవి. బ్యాంకు పంపే హెచ్చరిక కన్నా ‘‘ఒరేయ్, నాకు ఇలా జరిగింది’’ అన్న స్నేహితుడి మాట ఎక్కువ పనిచేస్తుంది కూడా. చిక్కేమిటంటే జరిగినవారు చెప్పరు. ఆముదం గురించి, కుండ గురించి గంటల తరబడి చెప్పగలిగిన మనిషి, పోయిన డబ్బు గురించి నోరు విప్పడానికి సిగ్గుపడతాడు. చీటీపాటలో మునిగిన సొమ్ము సంగతి, కొడుకు వ్యాపారానికి హామీ సంతకం పెట్టి నష్టపోయిన సంగతి ఎన్నో ఏళ్లుగా ఆ గుంపులో బయటపడకపోవడానికీ కారణం అదే. పక్కవాడికి అన్నిటికన్నా అక్కరకొచ్చే అనుభవం అలా ఇంటి గడప దాటకుండానే ఉండిపోతోంది, వాకింగ్‌కు రావడం ఎందుకు మానేశావని అడిగితే మోకాళ్ల నొప్పులని చెబుతున్నారు.